నా చేతిలో ఏమీ లేదు

మే 6

ఒరేయ్ తమ్ముడూ,

ఫోను చేయకుండా ఈ ఉత్తరమేమిటని ముఖం చిట్లించకు. నీకు ఫోను చేస్తే మీ ఆవిడ స్పీకరు నొక్కుతుంది, పక్కన మీ అత్తగారు గొంతు సవరించుకుంటుంది, నేను "అంతా కులాసాయేనా" అని పెట్టేస్తాను. అందుకే నీ కళ్లజోళ్ల దుకాణానికి పంపుతున్నాను. గిరాకీ తగ్గాక చదువు.

నేను ఈ నర్సింగ్ హోమ్ వదిలేస్తున్నాను. మీ ఊళ్లో రక్తపరీక్షల ల్యాబు వాళ్లు అక్టోబరు ఒకటిన వచ్చి చేరమన్నారు. అక్కడ సీసాలతో తప్ప మనుషులతో పని లేదు. నువ్వు నాకో గది చూడాలి.

ఇంతకాలం కాన్పులు చేసిన దానికి ఇప్పుడు సీసాల మీద మోజేమిటంటావు. ఇక్కడ నన్ను "చల్లని చెయ్యి" అంటున్నారు రా. ఆ పిచ్చి ఎక్కడ మొదలైందో తెలుసా? చేతులు కడుక్కునే తొట్టి దగ్గర. కాన్పుల గదిలో అది మంచానికి సరిగ్గా ఎదురుగా ఉంటుంది. మోచేతుల దాకా సబ్బు రాసి, అంకెలు లెక్కపెడుతూ రుద్దాలి, మాకు అలాగే నేర్పారు. పెదాలు కదలకపోతే నాకు లెక్క తప్పుతుంది. నురగ పడుతుందని కళ్లు మూసుకుంటాను. కడిగాక చేతులు దేనికీ తగలకుండా పైకెత్తి పట్టుకుని మంచం దగ్గరికి వస్తాను. నొప్పులు పడుతున్న మనిషికి ఇదంతా ఎలా కనిపిస్తుందో నాకు ఏనాడూ తట్టలేదు. ప్రార్థన చేసుకుని వస్తున్నాననుకున్నారు!

ఒకామె బయటికి వెళ్లి చెప్పింది. ఇంకొకామె దానికి తోక తగిలించింది. గోరంత కొండంతయింది. నేను సెలవు పెడితే, వచ్చేదాకా నొప్పులు బిగబట్టుకుంటామంటున్నారు. మొన్న ఒకతను బజారులో నా సంచీ లాక్కుని మోసుకొచ్చాడు, వాళ్లావిడకు ఏడో నెలట. మా పెద్ద డాక్టరమ్మ ఇదంతా తెలిసీ, "మా చల్లని చెయ్యి ఉండగా మీకేం భయం" అంటుంది. మొత్తం మీద నా చేతిలో పుట్టని బిడ్డ పుట్టనట్టే లెక్క ఇక్కడ!

నాన్న దేవుడు లేడని బల్ల గుద్దేవాడు. అమ్మ ఉన్నాడని వంటింట్లో గిన్నెలు గుద్దేది. మనం మంచం కింద దూరి "తెలియదు పార్టీ" పెట్టుకున్నాం. తెలియనిది తెలుసని అనకూడదు, ఆ పార్టీకి ఉన్న నియమం అదొక్కటే. వాళ్లిద్దరూ పోయి ఇన్నేళ్లయింది, ఎవరు గెలిచారో ఒక్కరైనా కబురు పెట్టలేదు. అలాంటి పార్టీ సభ్యురాలిని పట్టుకుని వీళ్లు దేవుడి చుట్టాన్ని చేస్తున్నారు. నవ్వుతూ రాస్తున్నాను గానీ, నాకు ఊపిరాడటం లేదురా.

గదికి కిటికీ ఉండాలి.

అక్క


మే 17

అక్కా,

నీ ఉత్తరం కౌంటరు చాటున చదువుతూ నవ్వుకుంటుంటే, అవతల కొత్త కళ్లజోడు పెట్టుకుని అద్దంలో చూసుకుంటున్న పెద్దమనిషి తనని చూసే నవ్వుతున్నాననుకుని అలిగి వెళ్లిపోయాడు. ఆ పాపం నీదే.

గది దొరికింది, మా దుకాణం పైనే. కిటికీ తీస్తే సైకిళ్ల రిపేరు షాపు కనపడుతుంది. అక్టోబరు దాకా ఎవరికీ ఇవ్వనని యజమాని మాటిచ్చాడు.

ఇప్పుడు అసలు సంగతి. నీ మరదలికి ఐదో నెల. తిట్టకు. ముందు రెండుసార్లూ అలా అయ్యాక, ఈసారి కడుపు కనపడేదాకా ఎవరికీ చెప్పొద్దని మా అత్తగారు నా చేత ఒట్టు వేయించుకుంది. కాన్పులు చేసే అక్కకు కూడా చెప్పని తమ్ముణ్ణి నేనొక్కణ్ణే అయ్యుంటాను.

రెండోసారి బిడ్డ ఇక్కడి పెద్దాసుపత్రిలో పోయింది చూడు, అప్పటి నుంచి తను నవ్వడం మానేసింది. అన్నం పెడుతుంది, బట్టలు ఆరేస్తుంది, అడిగితే మాట్లాడుతుంది, అంతే. కాస్త నవ్విద్దామని నీ ఉత్తరంలో ఆ చల్లని చెయ్యి భాగం చదివి వినిపించాను. నవ్వలేదు. మళ్లీ చదవమంది. విని, "మనకు వదిన ఉండగా నేనెందుకు ఇంత భయపడుతున్నాను?" అంది. అని అప్పుడు నవ్వింది.

అక్క సరదాకు రాసిందే అని చెప్పబోయి మింగేశాను. ఎన్నాళ్లకో నవ్విన మనిషిని ఆపడానికి నాకు నోరు రాలేదు. కాన్పుకు నీ దగ్గరికే వస్తుందట. ఎటూ నువ్వు అక్టోబరు దాకా అక్కడే ఉంటావు కదా.

తమ్ముడు


మే 26

ఒరేయ్ దొంగవెధవా,

ముందు సంతోషం. ఆనందంతో ఏడ్చి, ముక్కు ఎర్రగా చేసుకుని డ్యూటీకి వెళితే, ఎవరి కోసమో ప్రార్థించి వచ్చాననుకున్నారు. నాకిక్కడ ఏడ్చే వీలు కూడా లేదు.

ఇక తిట్లు. ఆ ఒక్క భాగమే దొరికిందా చదవడానికి? కిటికీ సంగతి చదివి వినిపించకపోయావా? అది వేళాకోళమని వెంటనే చెప్పు.

నా చేతిలో అందరూ క్షేమంగా ఎందుకు పుడుతున్నారో అది కూడా చెప్పు. ఇక్కడ నిలవ రక్తం లేదు, మత్తు డాక్టరు పిలిస్తే గానీ రాడు. కాస్త తేడాగా అనిపించిన ప్రతి కేసునూ పెద్దాసుపత్రికి పంపేస్తాం. ఏ చిక్కూ లేని వాళ్లే నాకు మిగులుతారు. బండరాళ్లు ఏరేశాక మిగిలిన మెత్తటి మట్టి దున్ని, నా నాగలి గొప్పదంటే ఎలా?

నిన్న ధైర్యం చేసి ఒకామెకు ఈ మాటే చెప్పాను. నా చేతిలో ఏమీ లేదమ్మా, లెక్కపెట్టుకుంటానంతే అన్నాను. ఆమె ముఖం పాలిపోయింది. "నా మీద కోపం వచ్చిందా అమ్మా?" అని నా చెయ్యి పట్టుకుని వదల్లేదు, నాడి పరుగెత్తింది. చివరికి నేనే "లేదులే, అంతా బాగుంటుంది" అన్నాను. అంతా బాగుంటుందని నాకెలా తెలుసు? మన పార్టీ నియమం రోజుకు పదిసార్లు తప్పుతున్నాను.

మరదలి స్కానింగు కాగితాలు పంపు.

అక్క


జులై 3

అక్కా,

స్కానింగు పంపుతున్నాను. నీకే బాగా తెలుస్తుంది. మాయ కిందికి, బిడ్డ బయటికొచ్చే దారికి అడ్డంగా ఉందట. నెలలు నిండేలోగా పైకి జరగవచ్చు, జరగకపోవచ్చు అంది ఇక్కడి డాక్టరు. జరగకపోతే మాత్రం ఆపరేషనే, అదీ పెద్దాసుపత్రిలోనే, ముందుగానే చేరిపోవాలి అంది.

పెద్దాసుపత్రి అనేసరికి తను లేచి బయటికి వెళ్లిపోయింది. "అక్కడ ఒకసారి ఉత్త చేతులతో బయటికొచ్చాను. మళ్లీ ఆ మెట్లు ఎక్కను. నాకు వదిన ఉంది" అంటోంది. మా అత్తగారు వంత పాడుతోంది.

వేళాకోళం సంగతి నేనింకా చెప్పలేదు. మా దుకాణంలో అక్షరాల బోర్డు చదివించేటప్పుడు కొందరు, కనపడకపోయినా కనపడుతోందంటారు, లేదంటే నేనేమనుకుంటానోనని. వాళ్లకు తప్పు అద్దాలు పడతాయి. కనపడటం లేదు బాబూ అన్నవాడికే సరైనవి దొరుకుతాయి. ఊరందరికీ ఈ నీతి చెబుతాను. ఇంట్లో మాత్రం నోరు పెగలదు. నువ్వే రాయి. నీ మాటైతే వింటుంది.

తమ్ముడు


జులై 12

తమ్ముడూ,

స్కానింగు చూశాను. డాక్టరు చెప్పింది అక్షరాలా నిజం. ఇలాంటి కేసు మా గుమ్మం తొక్కితే ఆ నిమిషమే బండెక్కించి పంపేస్తాం. రక్తం పోవడం మొదలైతే, నా చేతిలో ఉన్నది ఒక గుడ్డ, ఒక ఫోను.

విడిగా మడిచిన కాగితం మరదలికి. ఉన్నది ఉన్నట్టు రాశాను, ఒక్క తీపి మాట కలపలేదు. భయపడ్డ మనిషికి నిజం చెప్పడమే మర్యాద అని నా నమ్మకం. నమ్మకం అన్నానా! సరే, నాకున్నదల్లా ఆ ఒక్కటే అనుకో.

అక్క


జులై 27

అక్కా,

నీ మర్యాద మా ఇంటికి చేరింది.

"నా చేతిలో ఏమీ లేదు. నేను మామూలు నర్సుని. నీకు కావలసినవి ఆపరేషన్ గది, రక్తం, అవి పెద్దాసుపత్రిలో ఉన్నాయి" అని రాశావు. అన్నీ నిజాలే. తను దాన్ని ఎలా చదివిందో విను. "వదినకు ఏదో తెలిసిపోయింది. ఈ బిడ్డ కూడా దక్కదు. ఆ మాట చెప్పలేక నన్ను వదిలించుకుంటోంది." ఆ కాగితం దిండు కింద పెట్టుకుని గోడ వైపు తిరిగి పడుకుంది. తిండి సహించడం లేదు. ఎందుకు తినాలి అంటోంది.

నీ మీద నాకు చాలా కోపంగా ఉంది. నువ్వు నిజం చెప్పి చేతులు కడుక్కున్నావు. ఇక్కడ ఆ మనిషి పక్కన కూర్చున్నది నేను.

ఒక్క అబద్ధం ఆడు అక్కా. నీకు చెప్పారని రాయి. ఎవరు చెప్పారన్నది నీ ఇష్టం. పెద్దాసుపత్రిలోనే ఈ బిడ్డకు మేలని, నీకు తెలియవచ్చిందని రాయి. నువ్వు అలా రాస్తే ఎక్కనన్న మెట్లు పరుగెత్తుకుంటూ ఎక్కుతుంది. ఎలాగూ నువ్వు దేవుణ్ణి నమ్మవు, నీకు పోయేదేముంది?

తమ్ముడు


ఆగస్టు 4

తమ్ముడూ,

నీ చివరి వాక్యం చదివాను. ఇన్నేళ్లు నా పక్కన మంచం కింద కూర్చుని నీకు ఇదా అర్థమైంది?

నమ్మను అని నేనెప్పుడన్నాను? తెలియదు అన్నాను. నాన్నలా లేడని తెలిసినదాన్నైతే, లేని మనిషి పేరు మీద ఎన్ని మాటలైనా రాసేదాన్ని. అమ్మలా ఉన్నాడని తెలిసినదాన్నైతే, ఆయన్నే అడిగి, తప్పైతే క్షమించమని రాసేదాన్ని. నాకు ఆ సుఖమూ లేదు, ఈ సుఖమూ లేదు. ఉన్నాడేమో! ఉంటే, ఆయన అనని మాట ఆయన అన్నాడని చెప్పడానికి నేనెవరిని? లేకపోతే, ప్రాణభయంతో ఉన్న పిల్లకు లేనివాణ్ణి చూపించి మోసం చేయడానికి నేనెవరిని? అడకత్తెరలో పోకచెక్క అంటే ఏమిటో ఇప్పుడు తెలుస్తోంది.

ఇంకొకటి. ఒకసారి రాశానంటే అయిపోయినట్టే. ఇప్పటిదాకా వాళ్లు అనుకున్నారు, నేను అనలేదు. ఆ తేడా ఒక్కటే నాకు ఇక్కడ తలుపు. దాన్ని నా చేత్తో నన్నే మూసేయమంటున్నావు.

ఆమెకు ఓపికగా చెప్పు. డాక్టరు చేత చెప్పించు. నేను రాయలేను. కోపం తెచ్చుకోకు.

అక్క


ఆగస్టు 11

అక్కా,

ఇది కొరియరులో పంపుతున్నాను. రెండో స్కానింగు అయింది. మాయ అంగుళం కూడా కదల్లేదు. డాక్టరు నన్ను విడిగా పిలిచి, ఈ వారమో వచ్చే వారమో చేర్చకపోతే తన పూచీ లేదంది. దారిలో రక్తం పోతే తల్లీ బిడ్డా ఇద్దరూ దక్కరంది.

తను సంచీ సర్దుకుంది. పెద్దాసుపత్రికి కాదు, నీ దగ్గరికి. వదిన కాళ్లు పట్టుకుంటానంటోంది. వచ్చే వారాంతానికి బస్సు టికెట్లు తెప్పించింది, వాళ్లమ్మ తోడు. అంత దూరం, ఆ గతుకుల్లో. నేను అరిచాను, బతిమాలాను, ఒకసారి చెయ్యి కూడా ఎత్తాను, కొట్టలేదు. నాకు సిగ్గుగా ఉంది.

నీ తలుపు నీకు ముఖ్యమే, కాదనను.

తమ్ముడు


ఆగస్టు 13

తమ్ముడూ,

లోపల రెండో కవరు ఆమెకు. కొరియరులో పంపుతున్నాను. ఫోనులో చెబితే నా గొంతు వణుకుతుంది, అబద్ధమని మరదలు పట్టేస్తుంది. కాగితం వణకదు.

ఏం రాశానో నీకూ చెబుతాను, మన మధ్య దాపరికం వద్దు. చేతులు కడుక్కుంటూ ఉంటే నాకొక మాట వినపడిందని రాశాను. "బిడ్డ పెద్దాసుపత్రిలోనే పుట్టాలి, గురువారం లోపల అక్కడ చేరాలి" అని వినపడిందని రాశాను. నా చెయ్యి అక్కడున్నట్టే అనుకోమన్నాను.

గురువారం ఎందుకంటే, కవరు సోమవారానికి చేరుతుంది. మీ అత్తగారు సర్దుకోవడానికి ఒక రోజు, ఏడవడానికి ఒక రోజు. డాక్టరు ఈ వారమో వచ్చే వారమో అంది. గడువు చెప్పకపోతే మరదలు రేపు మాపు అంటుంది. అందుకని గురువారం. వేళ్ల మీద లెక్క వేసుకుని రాసిన మాట, అంతకంటే ఏమీ లేదు. ఇది నీ దగ్గర ఉంచుకో.

రాశాక చేతులు కడుక్కుందామని తొట్టి దగ్గరికి వెళ్లాను. నాలుగు అంకెల తర్వాత ఏ అంకె వస్తుందో గుర్తు రాలేదు.

అక్క


ఆగస్టు 30

అక్కా,

ఆడపిల్ల. తల్లీ బిడ్డా క్షేమం. ఫోనులో చెప్పింది ఇంతే కదా, మిగతాది ఇప్పుడు రాస్తున్నాను.

నీ కవరు చదివి తను లేచి కూర్చుంది. అన్నం అడిగింది. గురువారం పొద్దున పెద్దాసుపత్రికి వెళ్లాం. ఆ మెట్లు నా చెయ్యి పట్టుకోకుండా ఎక్కింది. చీటీ రాయించుకుని వరండాలో బెంచీ మీద కూర్చున్నాం. ఇంకా మంచం కూడా ఇవ్వలేదు. తను "ఏమండీ" అంది. చూస్తే బెంచీ కింద రక్తం. అలా కారడం నేనెప్పుడూ చూడలేదు. ఎదురుగానే ఆపరేషన్ గది తలుపు ఉంది. అలా ఎత్తుకెళ్లారు.

ఇంట్లో ఉండి ఉంటే? బస్సులో ఉండి ఉంటే? అరగంట ఆలస్యమైనా దక్కేవాళ్లు కాదని ఆపరేషన్ చేసిన డాక్టరే అన్నాడు.

నీ ఉత్తరం జేబులోనే ఉంది. సోమవారం, సర్దుకోవడం, ఏడవడం, ఆ లెక్కంతా మళ్లీ చదివాను. కాకి వాలింది, తాటిపండు పడింది, అంతే అంటావు నువ్వు. నేనూ అలాగే అనుకుందామని చూశాను. పిల్లను నా చేతుల్లో పెట్టాక ఆ మాట లోపలి నుంచి రాలేదు. బుధవారం కాదు, శుక్రవారం కాదు. నిజం చెప్పు అక్కా. ఆ కాగితం రాసేటప్పుడు నీకు ఏమీ అనిపించలేదా?

తమ్ముడు


సెప్టెంబరు 5

ఒరేయ్ నాన్నా,

మేనకోడలిని తలుచుకుని ఇక్కడ ఒక్కదాన్నే నవ్వుకుంటున్నాను. ముక్కు ఎవరిదో రాయి. మనదైతే పాపం.

నువ్వు అడిగావు కాబట్టి ఉన్నది చెబుతాను. నీ ఉత్తరంలో బెంచీ దగ్గరికి వచ్చేసరికి నా ఒళ్లు జలదరించింది. ఒక్క క్షణం, నాకు తెలియకుండా నా చేత ఎవరైనా రాయించారా అనిపించింది. దాన్ని దాచను. కానీ ఒళ్లు జలదరించడం తెలియడం కాదురా.

మరదలికి అప్పటికే నెలలు నిండవచ్చాయి. అలాంటి మాయ ఉన్నవాళ్లకు ఆ రోజుల్లోనే రక్తం పోవడం మొదలవుతుంది, పుస్తకాల్లో ఉంది. అందుకే కదా డాక్టరు తొందర పెట్టింది. గురువారం కాకపోతే శనివారం, అప్పటికి మంచం మీద ఉండేది, ఇంకా హాయి. దేవుడు ఉన్నాడో లేడో నాకు తెలియదు. గురువారం సంగతి మాత్రం నాకు తెలుసు, ఎందుకంటే దాన్ని కల్పించింది నేనే. ఆయన ఉంటే, నా అబద్ధం అరువు తెచ్చుకుంటే గానీ పని జరగనంత గతిలేనివాడా?

ఇక్కడ పరిస్థితి చెడింది. మీ అత్తగారు ఎవరికి చెప్పిందో గానీ, కథ మా ఊరు చేరిపోయింది. వరండాలో నా కోసం జనం కూర్చుంటున్నారు. డాక్టరమ్మ గుమ్మం పక్కన గోడ మీద ఒక అరచెయ్యి బొమ్మ వేయించింది. నన్ను అడగలేదు. దాని ముందు నుంచే రోజూ లోపలికి పోవాలి.

నెలాఖరుకు వచ్చేస్తున్నాను. గది కడిగించి ఉంచు.

అక్క


సెప్టెంబరు 17

పూజ్యులైన అక్కయ్యగారికి,

నమస్కారాలు. ఇలా రాస్తున్నందుకు నవ్వకండి. ఇదివరకటిలా నువ్వు అని రాయబోతే చెయ్యి ఆడలేదు. ఇంట్లో అందరం ఇప్పుడు మిమ్మల్ని ఇలాగే అనుకుంటున్నాం.

మీరు రాసిన వివరాలన్నీ చదివాను. మీరు ఒప్పుకోరని నాకు ముందే తెలుసు. చెయ్యి గలవాళ్లు తమ చెయ్యి గురించి తాము చెప్పుకోరు. మీరు ఎంత కాదంటే నాకు అంత రూఢి అవుతోంది. ఆ లెక్క వేసుకునే బుద్ధి మీకు ఆ వేళకు ఎవరు పుట్టించారు?

ఒక పని చేశాను, మన్నించాలి. గది వద్దని యజమానికి చెప్పేశాను. ల్యాబు వాళ్లకు కూడా మీరు రావడం లేదని చెప్పాను, వాళ్లు వేరే మనిషిని తీసుకున్నారు. మీరు సీసాల మధ్య కూర్చోవలసిన మనిషి కాదు. అంతమందికి మీ అవసరం ఉంటే, నా స్వార్థానికి ఇక్కడికి రప్పించుకోవడం తప్పు.

మా దుకాణానికి వచ్చే తాపీమేస్త్రీ గారి కోడలికి నెలలు నిండాయి. ఈ సమయంలో ప్రయాణం వద్దని ఇక్కడి డాక్టరు అందట. వాళ్లు సందేహిస్తుంటే నేనే ధైర్యం చెప్పి, మీ చిరునామా రాసిచ్చాను. దయచేసి చూడండి.

మీ తమ్ముడు


సెప్టెంబరు 30

ఒరేయ్,

మేస్త్రీ గారి కోడలు వచ్చింది. బస్సులోనే నొప్పులు మొదలయ్యాయి. దారి పొడుగునా ఆసుపత్రులు దాటుకుంటూ వచ్చారు. ఒకచోట ఉమ్మనీరు పోయింది. ఇక్కడ దిగి చూపిద్దామని మామగారు అన్నాడట. ఆ పిల్ల పళ్లు బిగించి, "ఆమె దగ్గరికే" అందట. నా దగ్గరికి చేరేసరికి బొడ్డుతాడు ముందుకు జారి ఉంది, బిడ్డ గుండె వినపడటం లేదు. నేను చేయగలిగినవన్నీ చేశాను. మగపిల్లాడు. కాళ్లూ చేతులూ నిండుగా ఉన్నాడు. ఏడవలేదు.

తల్లి బతికింది.

నేను గుమ్మం దగ్గర నిలబడ్డాను. ఇది నీకు కాక ఎవరికీ చెప్పలేను. ఇన్నాళ్లూ ఈ రోజు కోసం భయపడ్డాను. లోలోపల దీనికోసం ఎదురు కూడా చూశాను. ఎప్పుడో ఒకరోజు ఒక బిడ్డ పోతుంది, అందరూ నన్ను తిడతారు, ఇది ఉత్త చెయ్యేనని నన్ను వదిలేస్తారు అనుకునేదాన్ని. మేస్త్రీ వస్తుంటే, తిట్టు తండ్రీ, కొట్టు, అని మనసులో అనుకున్నాను. ఏమో, ప్రార్థన అంటే అదేనేమో!

ఆయన వచ్చి నా కాళ్ల మీద పడ్డాడు. "తప్పంతా నాదేనమ్మా. దారిలో ఆగుదామని నేనే అన్నాను. మీ మీద అనుమానపడ్డాను. అదే మాకు తగిలింది. నన్ను క్షమించండి" అన్నాడు. వెనకాల నిలబడ్డవాళ్లు తలలు ఊపారు. లేవండి, మీరన్నదే సరైన మాట, అక్కడ ఆగి ఉంటే పిల్లాడు దక్కేవాడేమో అని నేను అరిచాను. నేను ఆయన్ని ఓదార్చడానికి అలా అంటున్నానని అనుకున్నారు. ఎంత మంచి మనసో అన్నారు. బయట బెంచీల మీద ఒక్కరు కూడా లేచి ఇంటికి పోలేదు.

మీ ఊళ్లో గది లేదు, ఉద్యోగం లేదు. నాకు ఇక్కడి నుంచి కదిలే దారి లేదు. అది తర్వాత చూసుకుందాం. నన్ను తిట్టే మనిషి కావాలి నాకు. ఈ లోకంలో ఆ పని చేయగలిగినవాడివి నువ్వొక్కడివే, నువ్వు కూడా "మీరు" అంటూ చేతులు కట్టుకున్నావు. మనిద్దరం కలిసి చేసిన పని ఇది. నేను అబద్ధం రాశాను, నువ్వు దాన్ని నమ్మి చిరునామా రాసిచ్చావు. ఇందులోకి దేవుణ్ణి లాగకు. ఉంటే ఆయన సంగతి ఆయన చూసుకుంటాడు. లేకపోతే మిగిలింది మనమే.

రేపు వాళ్లు మీ ఊరు చేరతారు. ఈ ఉత్తరం అందగానే ఆ ఇంటికి వెళ్లు. ఆ ముసలాయన పక్కన కూర్చుని, దారిలో ఆగుదామనడం పాపం కాదని, ఆ రోజంతా ఎవరైనా అన్న మంచి మాట అదొక్కటేనని చెప్పు. వినేదాకా చెప్పు. నేను చెబితే వినలేదు, నా కాళ్లు వదల్లేదు. నువ్వు ఇంకా మామూలు మనిషివి, నీ మాట వింటాడు.

అక్క